చలి బాకీ

జకీరు లారీ ఆపి
నా కొంగులో పోసిన తెల్లగడ్డలకు
నడిమధ్యన పుల్లలాంటి కాడ ఉండింది.
"ఆపిల్ లోడెత్తే కాడ ఒక ముసలాయన ఇచ్చాడక్కా,
మంచుకొండల గడ్డ. దీని మెడ వంగదు,
మన గడ్డల మాదిరి జడ అల్లి వేలాడదీయలేవు."

కొత్తపట్నం ఇసకలో
ఎర్రగడ్డ పండుద్ది, చెనక్కాయ పండుద్ది,
సరుగుడు అడక్కుండానే పెరుగుద్ది.
ఇది మాత్రం ఎందుకు పండదని
బోరింగు పక్కన కట్ట పోసి, చివికిన పేడ కలిపి,
ముక్కు పైకి, మొదలు కిందికి,
వేలి రెండు కణుపుల లోతున
నలభై పాయలు పూడ్చా.
ఆకు చూసి దారిన పోయేవాళ్ళు కూడా ఆగారు.
మార్చిలో పెరికితే
ప్రతి గడ్డా ఒకే గుండు. గోలీకాయ.
గోరు దూర్చడానికి సందు లేదు.

మా అత్త వెంగమ్మ మాత్రం సంబరపడింది:
"ఒంటిగడ్డే తల్లీ! మోకాళ్ళ నూనెకు ఏడాది సరిపడా."

ఫోన్లో జకీరు, వెనకాల ఎవరిదో నవ్వు:
"మంచు కింద పడుకోందే
తాను ఒకటా, ఆరా అన్నది
దానికి తెలవదంటక్కా."

చలి అంటే మా ఊళ్ళో
ధనుర్మాసంలో నాలుగు తెల్లవారుజాములు, ఒక పాత దుప్పటి.
అయితే నేను కూర్చునేది ఐసు ఫ్యాక్టరీ గుమ్మంలో.
పదహారేళ్ళుగా దిమ్మల లెక్క రాస్తున్నా.
పడవలకు నూట ఇరవై,
చేపల బండ్లకు నలభై,
పెళ్ళిళ్ళకు రెండు.
చావుకైతే మూడు. వాటికి డబ్బులు రాయను,
ఓనరు అడగడు.

వినాయకచవితి దాటగానే
జకీరు తెచ్చిన రెండో విడత గడ్డల్ని
గుడ్డసంచిలో కట్టి, తడి తగలకుండా
దిమ్మలగది తలుపు లోపలి మేకుకు తగిలించా.
"అమ్మోనియా చాలకనా ఈ కంపు?" అన్నాడు మిషను పోలయ్య.
డ్యూటీ ఎక్కగానే సంచి తడిమేదాన్ని,
జరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టే, కాకపోతే తిరగేసి:
చల్లగుంటేనే నాకు నెమ్మది.
చేపల్లేక ఫ్యాక్టరీ వారం మూతపడినప్పుడు
ఆఖరి దిమ్మ ఒకటి కొనుక్కొని
పొట్టులో కప్పి, సంచితో సహా ఇంటికి మోసుకుపోయా.
పద్దులో నా పేరే రాసుకున్నా.

నాగులచవితికి నాటా.
తుఫాను మూడు రోజులు కూర్చుంది.
కట్టల మీద నీళ్ళు, నీళ్ళ మీద సరుగుడాకు.
నలభైలో పదకొండు మిగిలినయ్.
వాటిలో మూడు, మాఘమాసంలో,
నడుమ నుంచి కాడ లేపి
గాలమ్ముల్లు మాదిరి వంకీ తిప్పినయ్.
కోసెయ్, బలం గడ్డకు దిగుద్ది అన్నాడు జకీరు.
రెండు కోసి ఎండ్రొయ్యల్లో వేయించా.
మూడోదానికి కత్తి పెట్టబుద్ధి కాలా.
అది వంకీ విప్పుకొని నిటారుగా నిలబడి
చివరన ఒక చిన్న మూట కట్టుకుంది,
ఊరెళ్ళే మనిషి మాదిరి.

పెరికిన రోజు
బక్క గడ్డే. పొర మీద వంకాయరంగు చార.
విప్పితే
కర్ర చుట్టూ వీపులు ఆనించుకొని
ఆరు పాయలు.
గట్టిగా, రెండుసార్లు లెక్కపెట్టా.

"విడిపోయిందని ఇంత సంబరపడేదాన్ని
నిన్నే చూస్తున్నా" అంది అత్త.
పోయినేడు ఆమె కొడుకులిద్దరూ
ఇంజను ఒకరు, వలలు ఒకరు పంచుకున్నప్పుడు
మూడు రోజులు పొయ్యి రాజెయ్యలా ఆమె.
నేనేం అనలా.
ఒక పాయ వలిచి సద్దిలోకి నంజుకు పెట్టా.
కొరికి, కళ్ళు తుడుచుకొని, "ఘాటే" అంది.
ఇంకోటి అడిగింది.

మళ్ళీ చవితి వచ్చింది.
మిగిలినవి మేకుకు ఎక్కినయ్.
రిజిస్టరులో ఇవాళ
పడవలు, బండ్లు, ఒక చావు,
అన్నిటి కిందా నా రాత:
తెల్లగడ్డలకు ఒక దిమ్మ.
బాకీ.